మోటార్‌సైకిల్ సైలెన్సర్‌ను ఇంట్లోనే మార్చుకునే విధానం: స్టడ్ విప్పడం నుంచి లీకు పరీక్ష దాకా

బండితో వచ్చిన సైలెన్సర్‌ను తీసి బయట కొన్నదాన్ని పెట్టడం పైకి నాలుగు నట్లు విప్పి నాలుగు నట్లు బిగించే పనిలాగే కనిపిస్తుంది. నిజానికి ఇందులో సగానికి మించిన సమయమూ, ఇంచుమించు చిక్కులన్నీ పాతదాన్ని ఊడదీయడంలోనూ, కొత్తదాన్ని ఏ బలవంతమూ లేకుండా దాని చోట కూర్చోబెట్టడంలోనూ ఉంటాయి. ఆ రెండూ సరిగా జరిగితే బిగించడం చివరి అరగంట ముచ్చట. అందుకే ఇక్కడ విప్పడం గురించే ఎక్కువ రాశాను. ఇది నాలుగు స్ట్రోకుల ఇంజిన్ల కోసం రాసినది. రెండు స్ట్రోకుల ఇంజిన్‌లో పైపు నడుమ ఉబ్బుగా ఉండే భాగం నుంచి వెనక్కి మళ్లే ఒత్తిడి తరంగమే, బయటికి జారిపోతున్న తాజా మిశ్రమాన్ని తిరిగి సిలిండర్‌లోకి తోస్తుంది కనుక అక్కడ పైపు కూడా ఇంజిన్‌లో ఒక భాగమే. ఆ ఇంజిన్ కోసమే చేసిన పైపు తప్ప వేరొకటి దానికి పనికిరాదు.

కొనే ముందు తేల్చుకోవలసినవి

బజారులో దొరికేవి రెండు రకాలు. వెనకనున్న సైలెన్సర్ డబ్బాను మాత్రమే మార్చేదాన్ని స్లిప్ ఆన్ అంటారు. ఇంజిన్ హెడ్ (సిలిండర్ మీది మూత భాగం) దగ్గర మొదలయ్యే బెండు పైపుతో సహా అంతా మార్చేదాన్ని ఫుల్ సిస్టమ్ అంటారు. మొదటిసారి ఈ పనికి పూనుకునేవారికి నా సలహా స్లిప్ ఆన్. దీనికి హెడ్‌లోని స్టడ్‌ల (హెడ్‌లోకి దిగి, బయటి కొనకు నట్టు పట్టే మర కడ్డీల) జోలికి వెళ్లనవసరం లేదు, చాలా బండ్లలో పొగలోని ఆక్సిజన్‌ను పసిగట్టే ఆక్సిజన్ సెన్సర్‌ను కదిలించే పనీ ఉండదు, పొగలోని హానికర వాయువులను తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్ బెండు పైపులోనో దాని కింది డబ్బాలోనో ఉన్న బండ్లలో అదీ చెక్కుచెదరదు. అయితే కొన్ని బండ్లలో కన్వర్టర్ సైలెన్సర్ డబ్బా లోపలే ఉంటుంది. అలాంటి బండికి డబ్బా తీసేస్తే కన్వర్టర్ కూడా పోయినట్టే కాబట్టి, అది ఎక్కడుందో సర్వీసు మాన్యువల్‌లో చూశాకే కొనాలి.

స్లిప్ ఆన్ పెట్టగానే బండి గాలిలో తేలిపోతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. దానితో ముఖ్యంగా వచ్చేవి బరువు తగ్గడం, ధ్వని మారడం. శక్తిలో వచ్చే తేడా సాధారణంగా సీటు మీద కూర్చున్నవారికి తెలియనంత చిన్నది. ఇంజిన్‌కు ‘బ్యాక్ ప్రెషర్’ ఉండి తీరాలన్న మాట కూడా షెడ్లలో తరచు వినిపిస్తుంది. ఇంజిన్‌కు కావలసింది వెనక ఒత్తిడి కాదు, వాయువు వేగం. తగిన లావు, తగిన పొడవు ఉన్న పైపులో ఒక దఫా దూసుకుపోయే పొగ తన వెనక తక్కువ ఒత్తిడిని మిగిల్చి, సిలిండర్‌లో మిగిలిపోయిన పొగను కూడా తనతో లాక్కుపోతుంది. పైపు మరీ లావైతే ఆ వేగం పడిపోయి, తక్కువ ఆర్‌పీఎమ్‌లో బండి లాగుడు తగ్గుతుంది.

ధ్వనికి చట్టపరమైన హద్దు చాలా దేశాల్లో ఉంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 92వది మోటార్‌సైకిళ్లకు విడిగా అమ్మే సైలెన్సర్లకు సంబంధించినది. ఆ ఆమోదం పొందినవాటి మీద వలయంలో ‘ఇ’ అనే ఇంగ్లిషు అక్షరమూ, పక్కనే ఆమోదమిచ్చిన దేశపు సంఖ్యా ముద్రించి ఉంటాయి. గొట్టం చివర లోపల ఒక బోల్టుతో బిగించి ఉండే, ధ్వనిని తగ్గించే డీబీ కిల్లర్‌తో కలిపి పరీక్షించాకే ఆ ముద్ర ఇస్తారు కనుక, దాన్ని పీకేశాక ముద్ర ఉన్నా లేనట్టే. నిలిపి ఉన్న బండి ధ్వనిని కొలిచేటప్పుడు మైకును గొట్టం చివరి నుంచి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో పెడతారు. ఇంట్లో ఫోనుతో కొలిచేవారు కూడా అదే చోట పెడితే పాతదానికీ కొత్తదానికీ తేడా ఎంతో కనీసం పోల్చి చూసుకోవచ్చు. ట్రాక్ కోసం మాత్రమే అని రాసి ఉన్నదాన్ని రోడ్డు మీద తిప్పే బండికి పెట్టకపోవడమే మంచిది.

ఇక కొలతలు. మోడలు ఒకటే సరిపోతే చాలదు, తయారైన సంవత్సరం కూడా సరిపోవాలి. అన్ని బండ్లకూ పనికొస్తుందనే రకం కొంటున్నట్టయితే, కలిసేచోట పాత పైపు బయటి వ్యాసాన్నీ కొత్తదాని లోపలి వ్యాసాన్నీ వెర్నియర్‌తో కొలవాలి. 38, 51 మిల్లీమీటర్ల సైజులు తరచు కనిపిస్తాయి. ఫుల్ సిస్టమ్ అయితే సెన్సర్ బిగించే రంధ్రం మర 18 మిల్లీమీటర్లదా 12 మిల్లీమీటర్లదా అన్నది చూడాలి. ఎక్కువమంది మరిచిపోయేది ఇంకొకటి ఉంది. సెంటర్ స్టాండు పైకి లేచినప్పుడు తగిలి ఆగే రబ్బరు దిమ్మ చాలా బండ్లలో పాత సైలెన్సర్ మీదే ఉంటుంది. కొత్తదానికి ఆ ఏర్పాటు లేకపోతే స్టాండు ఇంకా పైకి పోయి గొలుసునో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌నో రాసుకుంటుంది.

దగ్గర పెట్టుకోవలసిన సామాను

ఆరు మూలల సాకెట్లు, పొడవైన ఎక్స్‌టెన్షన్, ఒక మోకాలు జాయింటు, రింగు పానాలు, చిన్న బిగువులను కొలవగల టార్క్ రించ్ కావాలి. పన్నెండు మూలల సాకెట్ తుప్పు పట్టిన నట్టు మూలలను గుండ్రంగా అరగదీస్తుంది కాబట్టి ఈ పనికి దాన్ని దూరంగా పెట్టాలి. వీటితో పాటు తుప్పు వదిలించే నూనె, వైరు బ్రష్, వేడికి తట్టుకునే రాగి గ్రీజు, స్ప్రింగులు లాగే కొక్కెం, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తని గుడ్డలు, తోలు చేతి తొడుగులు, కళ్లద్దాలు సిద్ధం చేసుకోవాలి. బెండు పైపు విప్పేట్టయితే హెడ్‌లో కూర్చొని పైపుతో కలిసేచోట సందు మూసే కొత్త గ్యాస్కెట్లు ముందే తెచ్చుకోవాలి. పాత గ్యాస్కెట్ ఒకసారి నలిగి ఆకారం తీసుకున్నాక రెండోసారి అలాగే నలగదు, కళ్లకు బాగున్నా లీకవుతుంది.

ముందురోజు చేయవలసిన పని

అసలు పని ముందురోజు సాయంత్రమే మొదలవుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, కనిపించే ప్రతి నట్టు మీదా, స్టడ్ బయటికి వచ్చిన మర మీదా, పైపులు ఒకదానిలో ఒకటి దూరిన చోటా తుప్పు నూనె కొట్టి వదిలేయాలి. రాత్రి పడుకునే ముందు ఒకసారి, ఉదయం మరొకసారి కొడితే ఇంకా మంచిది. ఆ నూనె మండే గుణం ఉన్నది కాబట్టి వేడి పైపు మీద ఎప్పుడూ కొట్టకూడదు. ఇంజిన్ ఆపి గంట దాటినా బెండు పైపు చురుక్కుమనిపించవచ్చు. ముట్టుకునే ముందు అరచేతిని కాక చేతి వెనక భాగాన్ని దగ్గరగా పెట్టి చూడాలి.

బండిని సమతలమైన నేల మీద సెంటర్ స్టాండుపైనో ప్యాడాక్ స్టాండుపైనో నిలిపి, ముందు చక్రం కదలకుండా అడ్డం పెట్టాలి. సెన్సర్ జోలికి వెళ్లేట్టయితే బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయాలి. అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి పెట్టుకోవాలి: ఏ వాషరు ఏ వైపు ఉందో, వైర్లు ఎటు వెళ్తున్నాయో, క్లాంపు బోల్టు తల ఎటు తిరిగి ఉందో. ఇది అనవసరమని విప్పేటప్పుడు అనిపిస్తుంది కానీ బిగించేటప్పుడు ఎవరికీ అనిపించదు.

స్టడ్‌ల దగ్గర ఓపిక

స్లిప్ ఆన్ మాత్రమే మార్చేవారు ఈ భాగాన్ని దాటి వెళ్లవచ్చు. మిగిలినవారు ఇక్కడ నెమ్మదించాలి, ఎందుకంటే ఈ మొత్తం పనిలో ఇంట్లో సరిచేసుకోలేని తప్పు జరగడానికి వీలున్న చోటు ఇదే. ఉక్కు స్టడ్ అల్యూమినియం హెడ్‌లోకి దిగి ఉంటుంది. ప్రతి ప్రయాణంలోనూ వేడెక్కుతూ చల్లారుతూ, ముందు చక్రం చిమ్మే నీళ్లలో తడుస్తూ ఏళ్లు గడుపుతుంది. చాలా బండ్లలో దాని లావు 6 లేదా 8 మిల్లీమీటర్లే.

తుప్పు వీడే నట్టు ‘టక్’మని ఒక చప్పుడు చేసి ఒక్కసారిగా వదులుతుంది. ఆ చప్పుడు విన్నాక భయం లేదు. విరగబోయే స్టడ్ అలా చప్పుడు చేయదు. పానా కదులుతూనే ఉంటుంది, కానీ చేతికి రబ్బరు ముక్కను మెలితిప్పుతున్నట్టు మెత్తగా తగులుతుంది. వదిలిపెడితే పానా కాస్త వెనక్కి వస్తుంది. నేను మొదటిసారి బెండు పైపు విప్పినప్పుడు మూడు నట్లు టక్‌మని వచ్చేశాయి, చీకటి పడుతోంది, నాలుగోది మెత్తగా తగిలింది. కదులుతోంది కదా అనుకొని ఇంకో పావు వంతు తిప్పాను. సాకెట్‌లో నట్టు, నట్టులో సగం స్టడ్ నా చేతికి వచ్చాయి. మిగిలిన సగాన్ని హెడ్ నుంచి తీయడానికి ఇంజిన్ పనులు చేసే లేతు షాపుకు బండిని తోసుకెళ్లవలసి వచ్చింది.

కాబట్టి మెత్తగా తగిలిన క్షణంలోనే ఆగాలి. నట్టును ఒక పిసరు బిగించే వైపు తిప్పి, మళ్లీ నూనె కొట్టి, కొంతసేపు ఆగి, ఈసారి విప్పే వైపు ఒక పిసరు తిప్పాలి. ఇలా ముందుకూ వెనక్కూ ఊపుతూ పోతే మరలో పేరుకున్న తుప్పు పొడిగా రాలి నూనెతో పాటు బయటికి వస్తుంది. అప్పటికీ కదలకపోతే నూనెను శుభ్రంగా తుడిచేసి, హీట్ గన్‌తో నట్టు చుట్టూ వేడి చేసి, అది సాగినప్పుడు ప్రయత్నించాలి. పెట్రోలు ట్యాంకు కింద మంట వాడటం ఇంట్లో చేయదగిన పని కాదు. నట్టుతో పాటు స్టడ్ మొత్తం హెడ్ నుంచి ఊడివస్తే కంగారు పడనక్కర్లేదు, అది మంచిదే. కొత్త స్టడ్ మీద రెండు నట్లను ఒకదానికొకటి ఎదురు బిగించి, వాటిని పట్టుకొని లోపలికి దింపవచ్చు.

ఊడదీసే వరుస

ముందు సెన్సర్ వైరు కనెక్టర్‌ను విడదీయాలి. కనెక్టర్ తగిలించి ఉండగానే సెన్సర్‌ను తిప్పితే వైరు మెలిపడి లోపల తెగుతుంది. తర్వాత పైపులు ఒకదానిలో ఒకటి దూరే స్లిప్ జాయింటు దగ్గరి క్లాంపును వదులు చేయాలి. పైపు లోపల వాల్వు ఉండి దానికి కేబుళ్లు వచ్చే బండ్లలో వాటిని కప్పీ నుంచి తప్పించాలి. ఆ కేబుళ్లను లాగే మోటారును అలాగే ఉంచితే సాధారణంగా సరిపోతుంది, దాని కనెక్టర్ పీకేస్తే మాత్రం డ్యాష్‌బోర్డులో ఇంజిన్ దీపం వెలుగుతుంది.

సైలెన్సర్ బరువును ఒక చేత్తో మోస్తూ, లేదా కింద చెక్క దిమ్మ పెట్టి, సైలెన్సర్‌ను బండికి వేలాడదీసే వెనక హ్యాంగరు బోల్టును ఆఖరున తీయాలి. జాయింటు దగ్గర పట్టేసి రాకపోతే నేరుగా లాగడం దండగ. ఎడమకూ కుడికీ మెలితిప్పుతూ లాగాలి, అవసరమైతే రబ్బరు సుత్తితో చుట్టూ తేలికగా తట్టాలి.

బెండు పైపు ఊడివచ్చాక హెడ్ రంధ్రంలోకి లైటు వేసి చూడాలి. పాత గ్యాస్కెట్ మసితో కలిసిపోయి హెడ్‌లో ఒక భాగంలాగే కనిపిస్తుంది. అది ఉందో లేదో తెలియక దాని మీదే కొత్తది పెట్టేసి, పైపు ఎందుకు నిండుగా కూర్చోవడం లేదని తల పట్టుకున్నవారు ఉన్నారు. సన్నని కొక్కేన్ని దాని లోపలి అంచు కింద పెట్టి, అల్యూమినియం మీద గీత పడకుండా, చుట్టూ కొద్దికొద్దిగా లేపుతూ తీయాలి. తీశాక రంధ్రంలో గుడ్డ కుక్కి, స్టడ్ మరలను వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, ఆ గుడ్డను మరిచిపోకుండా తీసేయాలి.

పాత హ్యాంగరు రబ్బరు బుష్‌నూ, దాని నడుమ ఉండే ఉక్కు గొట్టపు ముక్కనూ పారేయకూడదు. కొత్త సైలెన్సర్‌తో అవి రాకపోవచ్చు. ఆ ఉక్కు ముక్క లేకుండా బోల్టు బిగిస్తే రబ్బరు నలిగిపోయి, ఇంజిన్ అదురు నేరుగా బ్రాకెట్‌కు చేరి, కొన్నాళ్లకు వెల్డింగు పగులుతుంది.

కూర్చోబెట్టడం

కొత్త గ్యాస్కెట్‌కు ఒక వైపు రెండు మూడు చోట్ల కొంచెం గ్రీజు అద్దితే అది హెడ్ రంధ్రంలో జారిపడకుండా నిలుస్తుంది. స్టడ్ మరలకు రాగి గ్రీజు పలుచగా పూయాలి. సెన్సర్ మరకూ అంతే, కానీ దాని రంధ్రాల మూతికి మాత్రం గ్రీజు అంటకూడదు, అంటితే సెన్సర్ పాడవుతుంది.

ఇక ఈ పనికంతటికీ ప్రాణమైన నియమం: ప్రతి భాగమూ తన చోట కూర్చున్నాకే ఏ నట్టయినా బిగియాలి. బెండు పైపును హెడ్‌కు ఆనించి నట్లను వేళ్లతో మాత్రమే తిప్పి వదలాలి. నడిమి పైపును తొడగాలి, సైలెన్సర్‌ను తొడగాలి, హ్యాంగరు బోల్టును రంధ్రంలో దూర్చి దాన్నీ వేళ్లతోనే నిలపాలి. ఈ దశలో పైపు మొత్తం చేత్తో ఊపితే కాస్త ఆడుతూ ఉండాలి. హ్యాంగరు రంధ్రం బ్రాకెట్‌కు ఎదురుగా రాకుండా నాలుగైదు మిల్లీమీటర్లు పక్కకు ఉంటే స్క్రూడ్రైవర్ పెట్టి తన్ని లాగి బోల్టు దూర్చాలని అనిపిస్తుంది. అలా దూర్చిన పైపు చల్లగా ఉన్నప్పుడే ఒత్తిడిలో ఉంటుంది. వేడెక్కి సాగినప్పుడు ఆ ఒత్తిడంతా స్టడ్‌ల మీదా వెల్డింగుల మీదా పడుతుంది. దానికి బదులు స్లిప్ జాయింటులో పైపును కొంచెం తిప్పి చూడాలి, లోతు తగ్గించి పెంచి చూడాలి, అప్పటికీ రాకపోతే బ్రాకెట్‌కూ సైలెన్సర్‌కూ నడుమ స్పేసరు వేయాలి. బోల్టు రెండు వేళ్లతో దూరిపోయినప్పుడే అమరిక కుదిరినట్టు.

అప్పుడు హెడ్ దగ్గర మొదలుపెట్టాలి. బెండు పైపును హెడ్‌కు అదిమిపట్టే ఫ్లాంజికి రెండు నట్లు ఉంటే ఒకదాన్ని అర చుట్టు, రెండోదాన్ని అర చుట్టు తిప్పుతూ, ఫ్లాంజికీ హెడ్‌కూ నడుమ సందు రెండు వైపులా సమానంగా తగ్గేలా చూసుకోవాలి. బిగువు ఎంత ఉండాలన్నది మాన్యువల్‌లో చూడాలి. సాధారణంగా 6 మిల్లీమీటర్ల నట్లకు 10 నుంచి 12, 8 మిల్లీమీటర్ల నట్లకు 18 నుంచి 25 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. గ్రీజు పూసిన మర తేలికగా తిరుగుతుంది కాబట్టి, పొడి మరకు చెప్పిన అంకె దాకా వెళ్తే అసలు బిగువు ఎక్కువైపోతుంది. కింది అంకె దగ్గరే ఆగడం క్షేమం. హెడ్ తర్వాత నడిమి జాయింట్లు, ఆఖరున హ్యాంగరు. క్లాంపు సరిగ్గా పైపు చీలిక మీదే ఉండాలి, దాని బోల్టు కొన టైరు వైపో స్వింగ్ ఆర్మ్ వైపో పొడుచుకు రాకూడదు.

జాయింటు దగ్గర పైపులను కలిపి పట్టే స్ప్రింగులు ఉన్న రకమైతే, వాటిని తగిలించేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. జారిన స్ప్రింగు ముఖం మీదికే వస్తుంది. కొక్కెం లేనివారు గట్టి దారాన్ని స్ప్రింగు కొసకు రెండు మూడు పేటలుగా వేసి లాగవచ్చు. జాయింటుకు సీలెంటు వాడదలిస్తే ఎగ్జాస్ట్ కోసమే చేసినదాన్ని, పలుచగా, బయటి పైపు లోపల కాక లోపలి పైపు బయట పూయాలి. లేకపోతే అది ముద్దగా లోపలికి తోసుకుపోయి పొగకు అడ్డం పడుతుంది.

రాసుకునే చోట్లు

బండి సెంటర్ స్టాండు మీద ఉన్నప్పుడు వెనక చక్రం కిందికి వేలాడుతుంది, కాబట్టి అక్కడ కనిపించే సందు నిజం కాదు. బండిని నేల మీదికి దించి, ఒక బరువైన మనిషిని సీటు మీద కూర్చోబెట్టి, గట్టిగా అదిమించి, ఆ స్థితిలో స్వింగ్ ఆర్మ్, టైరు, బ్రేకు గొట్టం ఎంత దూరంలో ఉన్నాయో చూడాలి. వేలు దూరనంత దగ్గరగా ఉంటే అది చాలదు. వెనక బ్రేకు పెడలును పూర్తిగా తొక్కి చూడాలి, సైడ్ స్టాండును మడిచి చూడాలి. వెనక బ్రేకు గొట్టం పైపును ఆనుకొని ఉంటే బండిని కదిలించకూడదు: వేడికి గొట్టం కరిగితే బ్రేకు పోతుంది. ఇంజిన్ ఆయిలు తీసే బోల్టుకూ ఫిల్టరుకూ పానా అందుతుందో లేదో ఇప్పుడే చూసుకుంటే, రేపు ఆయిలు మార్చడానికి మళ్లీ పైపు విప్పే బాధ తప్పుతుంది.

మొదటిసారి స్టార్టు చేయడం

స్టార్టు చేసే ముందు పైపు మొత్తాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. స్టెయిన్‌లెస్ మీద మిగిలిన వేలిముద్ర మొదటి వేడికే గోధుమరంగు మచ్చగా కాలి అక్కడే నిలిచిపోతుంది. ఈ పనికి బ్రేక్ క్లీనర్ వాడేవారు డబ్బా మీద రాసినది చదవాలి. క్లోరిన్ ఉన్న రకం ఆరకుండా వేడెక్కితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టగలదు.

బండిని ఆరుబయటికి తీసుకురావాలి. తలుపులు తెరిచే ఉన్నాయి కదా అని షెడ్డులో నడపకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. సబ్బు నీళ్లు స్ప్రే డబ్బాలో పోసి ఉంచుకొని, స్టార్టు చేసిన వెంటనే, పైపు ఇంకా చల్లగా ఉన్న మొదటి నిమిషంలోపే ప్రతి జాయింటు మీదా కొట్టాలి. లీకున్నచోట బుడగలు ఇంజిన్ లయకు తగ్గట్టు లేచి పగులుతాయి. హెడ్ దగ్గర లీకైతే ‘టిక్ టిక్’మని వాల్వు చప్పుడులాంటిది వినిపిస్తుంది, ఇంజిన్ వేడెక్కి లోహం సాగాక తగ్గుతుంది. కొత్త పైపు మొదటి పది నిమిషాలు కొద్దిగా పొగ వదిలితే అది తయారీ నూనే. నీలిరంగు, బంగారు రంగు తేలడం కూడా ఆ లోహానికి సహజమే.

ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లారాక, హెడ్ నట్లను మరొకసారి టార్క్ రించ్‌తో చూడాలి. గ్యాస్కెట్ మొదటి వేడికి ఇంకొంచెం నలుగుతుంది కనుక నట్లు కాస్త తిరగడం మామూలే. వంద కిలోమీటర్లు నడిచాక ఇదే మరొకసారి చేయాలి.

ఆక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే చిటపటలు

యాక్సిలరేటర్ వదిలినప్పుడు వెనక నుంచి చిటపటలు వినిపిస్తే చాలామంది నేరుగా ట్యూనింగు చేయించాలనుకుంటారు. ముందు లీకు చూడాలి. సందులోంచి లోపలికి వచ్చిన గాలి, కాలకుండా మిగిలిన పెట్రోలుతో కలిసి పైపులోనే మండటం దీనికి తరచు కారణం. ఆ లీకు సెన్సర్‌కు ముందుంటే ఇంకో చిక్కు ఉంది: బయటి గాలిలోని ఆక్సిజన్‌ను చూసి పెట్రోలు తక్కువైందని సెన్సర్ చెబుతుంది, ఇంజిన్‌ను నడిపే కంప్యూటరైన ఈసీయూ అనవసరంగా పెట్రోలు పెంచుతుంది, మైలేజీ పడిపోతుంది.

లీకు లేదని రూఢి అయ్యాకే ఇంధనం సంగతి. ఇంజెక్షన్ ఉన్న బండికి కన్వర్టర్‌ను ముట్టుకోకుండా స్లిప్ ఆన్ పెడితే, స్థిరమైన వేగంలో సెన్సర్ సాయంతో ఈసీయూ ఒక వంతు పెట్రోలుకు 14.7 వంతుల గాలి నిష్పత్తి దగ్గరికి తనంతట తానే సరిచేసుకుంటుంది. ఫుల్ సిస్టమ్ పెట్టినప్పుడు పూర్తి యాక్సిలరేటర్ ఇచ్చేవేళ ఆ దిద్దుబాటు పనిచేయదు కాబట్టి ఈసీయూలోని మ్యాపును (ఎప్పుడు ఎంత పెట్రోలు ఇవ్వాలో చెప్పే పట్టికను) మార్పించడం అవసరం. కార్బురేటర్ బండి తనంతట తాను ఏమీ దిద్దుకోదు. పెట్రోలు వెళ్లే సన్న రంధ్రపు ముక్కలను జెట్లు అంటారు: తక్కువ యాక్సిలరేటర్‌లో తడబడితే పైలట్ జెట్టును, నిండా ఇచ్చినప్పుడు ఊపు లేకుండా ఇంజిన్ అతిగా వేడెక్కుతుంటే మెయిన్ జెట్టును ఒక సైజు పెంచి చూడాలి, రెండూ ఒకేసారి మార్చకూడదు. ప్లగ్గు కొన సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదని అర్థం.

డబ్బా లోపలి గాజు ఉన్ని కాలక్రమేణా మాడి పొడిగా రాలిపోతుంది. ధ్వని క్రమంగా పెరిగి బొంగురుపోతే రివెట్లు తీసి కొత్త ఉన్ని చుట్టించాలి. విప్పిన పాత సైలెన్సర్‌ను తుడిచి, రెండు చివరలూ గుడ్డతో మూసి, దాని బోల్టులూ క్లాంపూ అదే సంచిలో కట్టి అటక మీద పెట్టాలి. ధ్వని తనిఖీకి వెళ్లినప్పుడో బండి అమ్మినప్పుడో అది మళ్లీ కావలసి వస్తుంది.